చేదు కబురు, చల్లని మాట

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. మనల్ని పుట్టించినవాడు ఆయనే. ఆరోగ్యమిచ్చి కృతజ్ఞతను, రోగమిచ్చి సహనాన్ని పరీక్షించేవాడూ ఆయనే. స్వస్థత ఆయన చేతిలోనిదే. ఆయన అంతిమ ప్రవక్త మహనీయ ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

ధర్మ సోదరులారా! సోదరీమణులారా! ముందుగా మాకూ, మీకూ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండాలని గుర్తు చేసుకుంటున్నాము.

మన పాతబస్తీలో పురానీ హవేలీకి సమీపాన దారుల్‌షిఫా అనే ప్రదేశం ఉంది. మనలో చాలామందికి అది ఒక బస్సుస్టాపు పేరు మాత్రమే. కాని ఆ మాటకు స్వస్థత లభించే ఇల్లు అని అర్థం. 1591లో చార్మినార్ వెలసింది. ఆ తరువాత నాలుగేళ్ళకే, 1595లో, సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా అక్కడ ఒక పెద్ద ఆసుపత్రిని కట్టించాడు. రోగులకు చికిత్స చేస్తూనే హకీములకు యునానీ వైద్యం నేర్పిన స్థలమది. అంటే ఈ నగరం పుట్టిన తొలి ఏళ్ళలోనే, రోగి ఎక్కడ పడుకోవాలి, అతణ్ణి ఎవరు చూసుకోవాలి అన్న ఆలోచన కూడా పుట్టిందన్నమాట.

నేడు మన చుట్టూ ఎన్నో ఆసుపత్రులున్నాయి. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రి, పేట్లబురుజులో ప్రసూతి ఆసుపత్రి, మూసీ ఆవలి ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, రెడ్‌హిల్స్‌లో నీలోఫర్, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. వీటిలో పనిచేసేవారు మన మధ్యనే ఉన్నారు. ఈ వరుసలలోనే కూర్చున్నారు. వీటి వరండాలలో చాపలు పరచుకొని రాత్రిళ్ళు గడిపినవారూ మన మధ్యనే ఉన్నారు. అందుకే ఈ శుక్రవారం మనం ఒక ప్రత్యేకమైన ఘడియను గురించి మాట్లాడుకుందాము. వైద్యుడు ఒక కుటుంబానికి చేదు కబురు చెప్పిన తరువాతి ఘడియ అది. రోగం ముదిరిందనో, బిడ్డ బతకడం కష్టమనో, ప్రాణం పోయిందనో విన్న ఆ మనుషుల పక్కన ఎవరు నిలబడాలి? ఎలా నిలబడాలి?

సోదరులారా! కొన్నాళ్ళ క్రితం మేము మన బస్తీకి చెందిన ఒక కుటుంబాన్ని పరామర్శించడానికి నగరంలోని ఒక ఆసుపత్రికి వెళ్ళాము. ఆరేళ్ళ పాప రక్తసంబంధమైన జబ్బుతో వార్డులో ఉంది. తండ్రి ఆటో నడుపుకొనే మనిషి. వైద్యుడు బయటికి వచ్చి, సగం ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి, వేరే వార్డు నుండి పిలుపు రావడంతో వేగంగా వెళ్ళిపోయారు. తండ్రి చేతిలో ఫైలు పట్టుకొని గోడవైపు చూస్తూ నిలబడిపోయాడు. అతనికి ఏమి అర్థమయిందో, ఏమి కాలేదో మాకు తెలియలేదు. ఏమి మాట్లాడాలో కూడా మాకు తోచలేదు. అప్పుడు ఒక సిస్టరు వచ్చారు. ఆమె మన ధర్మానికి చెందినవారు కారు. లోపలినుండి ఒక స్టూలు తెచ్చి వేశారు. “కూర్చోండి భయ్యా” అన్నారు. గ్లాసుతో మంచినీళ్ళిచ్చారు. డాక్టరుగారు చెప్పినదానిలో మీకేమి అర్థమైందని అడిగారు. అతను చెప్పలేకపోతే తానే చిన్న చిన్న మాటలలో చెప్పారు. అతను మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పారు. మూడోసారి కూడా విసుక్కోలేదు. పాప తల్లికి ఎవరు చెబుతారు, ఇంటి దగ్గర ఎవరున్నారు అని విచారించారు. మరునాడు వైద్యుణ్ణి ఎన్ని గంటలకు కలవవచ్చో ఒక చీటీ మీద రాసిచ్చారు. ఇదంతా పావుగంట పని.

ఆ పాప ఆ తరువాత నాలుగు నెలలు జీవించింది. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. జనాజా అయిన చాలా రోజులకు ఆ తండ్రి మస్జిదులో మా పక్కన కూర్చొని ఒక మాట చెప్పాడు. “మౌలానా! ఆ రోజు డాక్టరు ఏమన్నాడో నాకు గుర్తులేదు. ఆ అమ్మ వేసిన స్టూలు గుర్తుంది. పేరైనా అడగలేదు. ప్రతి నమాజులో ఆమె కోసం దుఆ చేస్తున్నాను” అన్నాడు.

ఆ మాట మమ్మల్ని సిగ్గుపడేట్లు చేసింది. ఎందుకంటే ధర్మం తెలిసినవాళ్ళమని చెప్పుకొనే మేము ఆ రోజు పక్కనే ఉండి కూడా ఒక స్టూలు వేయలేకపోయాము. దైవప్రవక్త (స) మనకు నేర్పిన పనిని ఆమె చేసి చూపారు.

దైవప్రవక్త (స) ఏమి నేర్పారో చూడండి. హిజ్రీ 8వ సంవత్సరం, అంటే క్రీ.శ. 629. మూతా యుద్ధంలో ఆయన పినతండ్రి కుమారుడు హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (ర) అమరులయ్యారు. ఆ కబురు ఇంటివారికి చేరవేయాలి. దైవప్రవక్త (స) ఎవరినో పంపి చేతులు దులుపుకోలేదు. తామే స్వయంగా జాఫర్ (ర) ఇంటికి వెళ్ళారు. అప్పటికి ఆయన సతీమణి అస్మా బిన్తె ఉమైస్ (ర) రొట్టెల పిండి కలిపి ఉంచారు. పిల్లలకు స్నానం చేయించి, నూనె రాసి, ముస్తాబు చేశారు. భర్త వస్తారేమోనని ఎదురుచూసే ఇల్లు అది. దైవప్రవక్త (స) ముందుగా జాఫర్ పిల్లల్ని తీసుకురమ్మన్నారు. వారిని దగ్గరకు తీసుకొని ముద్దాడారు. ఆయన కళ్ళు చెమర్చాయి. అస్మా (ర)కు అనుమానం కలిగి, జాఫర్ గురించి ఏమైనా తెలిసిందా అని అడిగారు. ఆయన మాట తిప్పలేదు. ఈనాడే అమరులయ్యారని స్పష్టంగా చెప్పారు. ఆమె బిగ్గరగా ఏడ్చారు, చుట్టుపక్కల స్త్రీలు వచ్చి చేరారు. అప్పుడు ఆయన తమ ఇంటికి వెళ్ళి, జాఫర్ కుటుంబాన్ని మరువవద్దనీ, వారికోసం భోజనం వండి పంపమనీ, వారు తమ దుఃఖంలో మునిగి ఉన్నారనీ చెప్పారు.

అంతటితో ఆగలేదు. మూడు దినాలు గడిచాక మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళారు. ఇక ఏడుపు చాలించమని ఓదార్చారు. తండ్రిలేని ఆ పిల్లల్ని పిలిపించి, క్షురకుణ్ణి రప్పించి, వారి తలలు శుభ్రం చేయించారు. వారి బాగోగుల బాధ్యతను తలకెత్తుకున్నారు.

సోదరులారా! ఈ ఒక్క సంఘటనలో ఎన్ని పాఠాలున్నాయో గమనించండి. కబురు తానే మోసుకెళ్ళడం మొదటిది. ముందు మనుషుల్ని దగ్గరకు తీసుకోవడం రెండవది. తన కన్నీటిని దాచుకోకపోవడం, అడిగినప్పుడు సత్యాన్ని సూటిగా చెప్పడం, ఏడ్చేవారిని ఏడవనివ్వడం, ఆ పూట వారి పొయ్యి వెలగదని గుర్తుంచుకోవడం, మూడు రోజుల తరువాత మళ్ళీ వెళ్ళడం మిగిలినవి. ఈ రోజులలో వైద్యవిద్యలో చేదు వార్త చెప్పే పద్ధతిని ఒక ప్రత్యేక పాఠంగా నేర్పుతున్నారు. 2000లో అమెరికా క్యాన్సర్ వైద్యులు దీనికోసం ఆరు మెట్ల పద్ధతిని ప్రచురించారు. ఏకాంత స్థలంలో కూర్చోబెట్టడం, వారికి ఇప్పటికే ఏమి తెలుసునో అడగడం, ఎంతవరకు తెలుసుకోదలచారో అడగడం, తేలికైన మాటలలో చెప్పడం, వారి దుఃఖాన్ని గుర్తించి ఆగడం, తరువాత ఏమి చేయాలో కలిసి ఆలోచించడం ఆ మెట్లు. మన దేశంలోనూ 2019 నుండి ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు నడవడి, నైతికత, సంభాషణ అనే అంశాలను పాఠ్యక్రమంలో చేర్చారు. ఇది సంతోషించదగిన విషయం. పుస్తకంలో వచ్చిన ఈ పాఠం మన ప్రవక్త (స) నడవడిలో ముందే ఉందని ఒక విశ్వాసి గుర్తిస్తే, అది అతనికి పరీక్షలో మార్కుల కోసం చేసే పని కాకుండా ఆరాధన అవుతుంది.

ఆసుపత్రులలో పనిచేసే సోదర సోదరీమణులారా! వైద్యులారా! నర్సులారా! వార్డుబాయిలారా! ఆయమ్మలారా! గేటు దగ్గర నిలబడే కావలివారా! అంబులెన్సు నడిపేవారా! మీ పని ఎంత గొప్పదో తెలుసుకోండి. కందకయుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (ర)కు బాణం తగిలి గాయపడినప్పుడు, మదీనాలో రుఫైదా (ర) అనే మహిళ గుడారంలో ఆయనకు చికిత్స జరిగింది. ఆ గుడారం ఎక్కడ ఉండేదో తెలుసా? దైవప్రవక్త (స) మస్జిదులో. తాము తరచుగా చూసిపోవడానికి వీలుగా ఉంటుందని ఆయనే అక్కడ ఉంచమన్నారు. నమాజు చేసే చోటు, గాయాలు కట్టే చోటు ఒకే నీడలో ఉన్నాయి. సాద్ (ర) ఆ గాయంతోనే కన్నుమూశారు. చికిత్స ఫలించలేదని రుఫైదా (ర) సేవ వృథా కాలేదు. పధ్నాలుగు వందల ఏళ్ళ తరువాత కూడా ఆమె పేరు మనం గౌరవంగా చెప్పుకుంటున్నాము. బతికించడం మీ చేతిలో లేదు. అది అల్లాహ్ చేతిలోనిది. పక్కన ఉండడం మాత్రం మీ చేతిలోనే ఉంది. లెక్క అడిగేది దాని గురించే.

మిమ్మల్ని మేము కొన్ని విషయాలు కోరుతున్నాము. మీ పని భారం మాకు తెలుసు. ఒక్కొక్కరి మీద ఎంతమంది రోగులుంటారో చూశాము. అయినా కోరుతున్నాము. నడుస్తూ నడుస్తూ కబురు చెప్పకండి. రెండు నిమిషాలైనా ఆగి, వీలైతే కూర్చొని చెప్పండి. వినేవారి భాషలో చెప్పండి. పాతబస్తీ ఇల్లాలికి ఉర్దూ తప్ప వేరే భాష రాకపోవచ్చు. మహబూబ్‌నగర్ నుండో, నల్లగొండ నుండో వచ్చిన రైతుకు తెలుగు తప్ప వేరే భాష రాకపోవచ్చు. ఆ ఇంట్లో బడికి వెళ్ళే పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి పిలిచి, మీ నాన్నకు ఇలా ఉందని మీ అమ్మకు చెప్పు అని ఎన్నడూ అనకండి. ఆ పసివాడి నోటితో ఆ మాట పలికించడం కంటే పెద్ద బరువు ఉండదు. ఎవరైనా పెద్దవారిని, తెలిసిన సహోద్యోగిని పిలవండి. ఇన్ని రోజులే బతుకుతాడని గడువులు కట్టకండి. మరణ ఘడియ జ్ఞానం అల్లాహ్‌దే. మీకు తెలిసినంత చెప్పి, తెలియనిదాన్ని తెలియదనే చెప్పండి.

మరొక మాట. ఇక చేయడానికి ఏమీ లేదు అన్న వాక్యాన్ని మీ నోటినుండి తీసివేయండి. నయం చేయడానికి మార్గం లేకపోవచ్చు. నొప్పి తగ్గించడానికి, పుండు శుభ్రం చేయడానికి, నోరు తడపడానికి, కుటుంబానికి ధైర్యం చెప్పడానికి ఎప్పుడూ మార్గముంటుంది. మన నగరంలోని ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి నొప్పి నివారణ, ఉపశమన చికిత్స విభాగం పనిచేస్తోంది. తెలంగాణ జిల్లాలలోనూ ఉపశమన చికిత్స కేంద్రాలు ఏర్పడ్డాయి. ఇంటికి పంపేటప్పుడు ఈ దారి కూడా చూపించి పంపండి. కొందరు క్యాన్సర్ రోగులు మార్ఫిన్ మాత్రను మత్తుపదార్థమని భయపడి, నొప్పితో విలవిలలాడుతూ మానివేస్తున్నారు. 2014లో పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, వైద్య అవసరాలకు ఇటువంటి మందులు అందడాన్ని సులభం చేసింది. అనివార్యమైన అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది ధర్మశాస్త్ర పండితులు అంగీకరించిన సూత్రం. వైద్యుడు చెప్పిన మేరకు నొప్పికి మందు వేసుకోవడం పాపం కాదు. సందేహముంటే మీ ముఫ్తీగారిని అడగండి. రోగిని బాధలో వదిలివేయకండి.

అల్లాహ్ మనకందరికీ ఇతరుల బాధను గుర్తించే మనసు ప్రసాదించుగాక! ఇంతటితో మొదటి ఖుత్బా ముగిస్తున్నాము. మా కొరకు, మీ కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము.

రెండవ ఖుత్బా

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. దైవప్రవక్త (స)పై దరూద్, సలామ్.

ధర్మ సోదరులారా! మొదటి ఖుత్బాలో కబురు చెప్పేవారి బాధ్యతను గురించి విన్నారు. ఇప్పుడు కబురు వినేవారి బాధ్యత, వారి చుట్టూ ఉండే మన బాధ్యత ఏమిటో చూద్దాము.

మన ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. వైద్యుణ్ణి పక్కకు పిలిచి, రోగికి మాత్రం చెప్పకండి, తట్టుకోలేడు అని ప్రాధేయపడతాము. ప్రేమతోనే అంటాము. కాని ఒక్కసారి ఆలోచించండి. తనవద్ద రాసి పెట్టవలసిన విషయం ఏదైనా ఉన్న ముస్లిం వీలునామా లేకుండా రెండు రాత్రులు కూడా గడపరాదన్న భావంలో దైవప్రవక్త (స) బోధించారు. రోగం సంగతి దాచిపెడితే ఆ మనిషి వీలునామా ఎప్పుడు రాస్తాడు? తీర్చవలసిన అప్పులు, అప్పగించవలసిన అమానతులు, క్షమాపణ అడగవలసిన మనుషులు, విడిచిపోయిన ఉపవాసాలు అతనికి ఉండవా? మనం దాచింది అతని రోగాన్ని కాదు, అతనికి మిగిలిన సమయాన్ని.

హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) వీడ్కోలు హజ్ సందర్భంలో మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. బతకనేమో అనుకున్నారు. దైవప్రవక్త (స) పరామర్శకు వచ్చినప్పుడు తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానమివ్వనా, సగమివ్వనా అని అడిగారు. ఆయన మూడవ వంతు చాలునన్నారు, అదీ ఎక్కువేనన్నారు. వారసుల్ని చేయిచాచే స్థితిలో వదలడం కంటే కలిగినవారుగా వదలడం మేలన్నారు. రోగి మంచం పక్కన కూర్చొని ఆస్తి, మరణం గురించి మాట్లాడారు. మాట మార్చలేదు. అదే సమయంలో, బహుశా నీవు ఇంకా జీవించి ఉంటావు, నీవల్ల ఎందరో మేలు పొందుతారు అన్న భావంలో ఆశ కూడా కలిగించారు. సాద్ (ర) ఆ తరువాత నలభై ఏళ్ళకు పైగా జీవించారు. సత్యం, ఆశ ఒకదానికొకటి శత్రువులు కావని దీనివల్ల తెలుస్తోంది. అలాగని చెప్పవలసిన మాటను ఎప్పుడు పడితే అప్పుడు, ఎలా పడితే అలా చెప్పాలని కాదు. రోగిని ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నావని అడగండి. అతను వద్దంటే బలవంతం చేయకండి. అడిగితే మాత్రం అబద్ధమాడకండి.

ఈ సందర్భంలో హజ్రత్ ఉమ్మె సులైమ్ (ర) సంఘటన గుర్తుకు వస్తుంది. భర్త అబూ తల్హా (ర) బయటికి వెళ్ళినప్పుడు వారి పసిబిడ్డ మరణించాడు. తాను చెప్పేవరకు ఎవరూ ఆయనకు చెప్పవద్దని ఆమె ఇంటివారిని కోరారు. భర్తకు భోజనం పెట్టారు, విశ్రాంతి తీసుకోనిచ్చారు. తరువాత, ఎవరైనా అరువిచ్చిన వస్తువును తిరిగి అడిగితే ఇవ్వననగలమా అని ప్రశ్నించి, అప్పుడు బిడ్డ సంగతి చెప్పారు. అంత దుఃఖంలోనూ కబురు ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అని ఆలోచించిన ఆ తల్లి సహనం అసాధారణమైనది. అయితే అబూ తల్హా (ర) ముందే చెప్పనందుకు నొచ్చుకున్నారని కూడా ఆ ఉల్లేఖనంలోనే ఉంది. మరునాడు ఆయన దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళి జరిగింది విన్నవించారు. ఆయన ఆ దంపతుల కొరకు దుఆ చేశారు. ఎంత సున్నితంగా చెప్పినా చేదు కబురు నొప్పిస్తుంది. నొచ్చుకున్నవారి మీద కోపగించకూడదు.

సోదరులారా! ఇప్పుడు చెప్పబోయేది కొందరికి కటువుగా అనిపించవచ్చు. బిడ్డ పోయాడన్న కబురు విన్న క్షణంలో ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడం, డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు మీద చేయి చేసుకోవడం, సిస్టర్లను దూషించడం మన సమాజంలో కూడా జరుగుతున్నాయి. ఆ చేయి ఏ దుఃఖంతో లేచిందో మాకు అర్థమవుతుంది. కాని అది జుల్మ్. ఆ రాత్రి అదే వార్డులో ఉన్న ఇతర రోగుల హక్కును కూడా కాలరాసే పని. వైద్యసిబ్బందిపై దాడులను శిక్షార్హం చేస్తూ మన రాష్ట్రంలో 2008 నుండి ప్రత్యేక చట్టముంది. నిజంగా నిర్లక్ష్యం జరిగిందని భావిస్తే రికార్డులు అడిగి తీసుకోండి, లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి, వైద్య మండలిని, వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించండి. న్యాయం అడగడం మీ హక్కు. పగ తీర్చుకోవడం మీ హక్కు కాదు.

అయితే దుఃఖంలో ఉన్నవారికి సహనం గురించి చెప్పేటప్పుడు కూడా మర్యాద ఉండాలి. ఒక స్త్రీ సమాధి వద్ద ఏడుస్తుండగా దైవప్రవక్త (స) ఆమెకు దైవభీతిని, సహనాన్ని గుర్తు చేశారు. ఆమె ఆయనను గుర్తించక, నా కష్టం నీకు రాలేదులే, నీ దారిన నీవు వెళ్ళు అన్నట్లు బదులిచ్చింది. ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. తరువాత ఎవరో చెబితే ఆమె కంగారుపడి వచ్చి, గుర్తుపట్టలేదని విన్నవించుకుంది. అప్పుడు ఆయన తొలి దెబ్బ తగిలినప్పటి సహనమే అసలైన సహనమని బోధించారు. ఆమెను శిక్షించలేదు, అవమానించలేదు. తమ కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు ఆయన కళ్ళూ వర్షించాయి. కన్నీరు కారుణ్యమని తెలిపారు. కాబట్టి ఆసుపత్రి వరండాలో విలపించే తల్లి మీద సబ్ర్ చెయ్యి అనే మాటను రాయిలా విసరకండి. ముందు పక్కన కూర్చోండి. నీళ్ళివ్వండి. మాటలు తరువాత.

మనకు సేవచేసే సిబ్బందిలో చాలామంది ఇతర ధర్మాలవారు. తెలుగు పల్లెల నుండి, కేరళ నుండి వచ్చిన ఎందరో సోదరీమణులు మన తల్లుల పుండ్లు కడుగుతున్నారు, మన పసిపిల్లలకు పాలు పట్టిస్తున్నారు. మానవులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞత తెలుపనివాడేనన్నది దైవప్రవక్త (స) బోధనల సారాంశం. తమకు సేవచేసిన ఒక యూద బాలుడు జబ్బుపడితే ఆయన స్వయంగా అతని ఇంటికి వెళ్ళి తల దగ్గర కూర్చున్నారు. డిశ్చార్జి అయి వెళ్ళేటప్పుడు బిల్లు గురించి వాదించడానికి ఉన్న తీరిక, ఒక్క కృతజ్ఞతా వాక్యానికి లేకుండా పోకూడదు. రోగి మరణించినా సరే, నలభై దినాలకో, రెండు నెలలకో వెళ్ళి ఆ సిస్టరుకు, ఆ ఆయమ్మకు ఒక మంచి మాట చెప్పి రండి. వారు కూడా మీ బిడ్డ కోసం లోలోపల ఏడ్చి ఉంటారు.

దుఃఖం నుండి ఏమి పుట్టగలదో మన నగర చరిత్రలోనే ఉంది. ఏడవ నిజాం కోడలు, యువరాణి నీలోఫర్‌కు ఇష్టమైన ఒక పరిచారిక 1949లో ప్రసవ సమయంలో మరణించింది. ఆ కబురు విన్న యువరాణి ఏడ్చి ఊరుకోలేదు. ఇక ఏ తల్లీ అలా పోకూడదని పట్టుబట్టారు. 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రి ఆ దుఃఖం నుండి పుట్టిందే. ఆమెకు స్వంత సంతానం లేదు. కాని నేటికీ ఆమె పేరున్న ఆ వార్డులలో పసిపిల్లలు ఊపిరి పోసుకుంటున్నారు.

మనం ఆసుపత్రి కట్టలేకపోవచ్చు. చేయగలిగిన పనులు చేద్దాము. ఈ మస్జిదు తరఫున మేము కొన్నింటిని మీ ముందుంచుతున్నాము. మొదటిది, బస్తీలో ఎవరి ఇంటికైనా చేదు కబురు వస్తే ఇద్దరు మాత్రమే, గుంపుగా కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి. స్త్రీల వద్దకు స్త్రీలే వెళ్ళాలి. కొద్దిసేపు కూర్చొని, రోగిని అలసటపెట్టకుండా రావాలి. రెండవది, వారిలో ఒకరికి ఉర్దూ, తెలుగు రెండూ వచ్చి ఉండాలి. వైద్యుడు చెప్పింది విని, రాసుకొని, ఇంటివారికి నిదానంగా చెప్పాలి. మూడవది, ఆరోగ్యశ్రీ సంగతి తెలిసినవారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి కాగితాల పనిలో సాయపడాలి. ఆ పథకం కింద ఒక కుటుంబానికి ఏటా పది లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుందని 2023 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. అది తెలియక నగలు కుదువ పెట్టేవారున్నారు. నాలుగవది, వరండాలో ఉన్నవారికి ఒక పూట భోజనం పంపాలి. జాఫర్ (ర) ఇంటికి పంపిన భోజనం గుర్తుంచుకోండి. అయిదవది, మరణం సంభవిస్తే మూడు దినాల తరువాత మళ్ళీ వెళ్ళాలి. జనాజా రోజున వందమంది ఉంటారు. నాలుగో రోజు ఎవరుంటారు? వితంతువు ఇద్దత్‌లో నాలుగు నెలల పది రోజులు గడపాలి. ఆ ఇంటికి బియ్యం, పిల్లల ఫీజు ఎవరు చూస్తారు? నాలుగో రోజునే మన విశ్వాసం పరీక్షకు నిలుస్తుంది.

సోదరులారా! 1908 సెప్టెంబరులో మూసీ నది ఉప్పొంగి ఈ నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు వరదను ఆపలేదు, ఆపడం దానివల్ల అయ్యే పని కాదు. పట్టుకోవడానికి కొమ్మ అందించింది, నీరు తగ్గేదాకా నిలబడింది. ఆసుపత్రులలో పనిచేసే మీరు, వారి పక్కన ఉండవలసిన మేము, మనమందరం చేయగలిగింది కూడా అంతే. మరణాన్ని మనం ఆపలేము. నీరు తగ్గేదాకా నిలబడగలము.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. చేదు కబురు విన్న ప్రతి ఇంటికీ సహనాన్ని, మంచి మనుషుల తోడును ప్రసాదించు. వైద్యులకు, నర్సులకు, రోగుల సేవలో రాత్రిళ్ళు మేలుకొనే ప్రతి ఒక్కరికీ చేతిలో నేర్పును, నోటిలో మృదుత్వాన్ని ఇవ్వు. పేరు తెలియక మేము దుఆ చేయలేకపోయిన వారందరికీ నీకు తెలిసిన వారి పేర్లతోనే ప్రతిఫలమివ్వు. వారికి సన్మార్గాన్ని, ఇహపరాలలో మేలును కలుగజేయి. మా మృతులను క్షమించు. మేము ఇతరుల దుఃఖంలో పక్కన కూర్చునేవారిగా ఉండేలా చెయ్యి, దూరంనుండి ఉపదేశించేవారిగా కాదు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.